బాబాయి ప్రెస్సు, పేజ్‌మేకర్ 7, విండోస్ 11: ఒక రిపేరు డైరీ

ఆదివారం

తెనాలిలో మా బాబాయికి చిన్న ప్రెస్సు ఉంది. ఒక మినీ ఆఫ్‌సెట్, ఒక కటింగ్ మిషను, స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, మూలన ఒక డీటీపీ సిస్టమ్. ఆ సిస్టమ్ నిన్న సాయంత్రం టప్‌మని పేలింది. పొగ, కాలిన వాసన. "ఒరేయ్, పొద్దున్నే ఒకసారి వచ్చిపో" అని ఫోను.

పోయింది ఎస్‌ఎంపీఎస్, అంటే కేబినెట్‌లో కరెంటు అందించే పెట్టె అని చూడగానే తెలిసింది, కెపాసిటర్ ఒకటి ఉబ్బి పగిలింది. అయితే బాబాయి అప్పటికే కొత్త సిస్టమ్‌కు అడ్వాన్సు ఇచ్చేశాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా సపోర్టు ఆగిపోయిందని కొట్టువాడు చెప్పాడట. మా దాంట్లో ఉన్నది 10 కూడా కాదు, విండోస్ 7, అదీ 32 బిట్. "ఎప్పటికైనా మార్చాల్సిందేగా" అన్నాడు బాబాయి. నిజమే.

మార్చాల్సినవి మూడు. ఒకటి పేజ్‌మేకర్ 7, పేజీలు కూర్చే ప్రోగ్రాము. అసలు సీడీ, సీరియల్ నంబరు కాగితం బీరువాలో బాండు పేపర్ల మధ్య భద్రంగా ఉన్నాయి. రెండోది తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, దాని ఫాంట్లు. దాని పేరు ఇక్కడ ఎందుకులే. కేబినెట్ వెనక ప్యారలల్ పోర్టుకు తగిలించిన అగ్గిపెట్టెంత డాంగిల్ ఉంటేనే అది తెరుచుకుంటుంది. మూడోది, అసలైనది, 2002 నుంచి పోగైన ఫైళ్లు. పదకొండు వేల చిల్లర. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, స్కూలు ప్రశ్నపత్రాలు, దేవస్థానం కరపత్రాలు.

ఇవాళ చేసింది ఒకటే పని. పాత హార్డ్ డిస్కు ఊడదీసి, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో నా లాప్‌టాప్ లేపి, డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో డిస్కు మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీశా. రెండు చోట్ల చదవలేకపోయింది. ఆ రెండూ మన ఫైళ్లు కావు. ఇమేజ్ చేతికొచ్చేదాకా ఆ డిస్కును ఇంక దేనికీ తగిలించలేదు. ఇలాంటి పనిలో నాకున్న ఒకే ఒక్క మడి ఇది.

రాత్రి కొత్త సిస్టమ్ వచ్చింది. విండోస్ 11 పెట్టి, ప్రాంతం ఇండియా చేసి, తెలుగు జోడించి, ఎలాగూ తెలుగు పనే కదా అని యూనికోడ్ అని కనిపించిన చోట టిక్కు కూడా పెట్టి పడుకున్నా. ఆ టిక్కు సంగతి బుధవారం దగ్గర చదువుదురు గాని.

సోమవారం

మూఢం నడుస్తోంది, పెళ్లి కార్డుల తాకిడి లేదు. అదొక్కటే అదృష్టం.

ముందు టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ పెట్టా. సెటప్ నొక్కగానే "ఈ యాప్ మీ పీసీలో పనిచేయదు" అన్న నీలం పెట్టె. కాంపాటిబిలిటీ మోడ్‌లో విండోస్ ఎక్స్‌పీ, 98, 95 అన్నీ తిప్పినా అదే పెట్టె. తిప్పుకుంటూ కూర్చోకుండా ఫైలు లోపలి బైట్లను చూపించే హెక్స్ ఎడిటర్‌లో దాన్ని తెరిచా. ప్రతి ఈఎక్స్‌ఈ ఫైలూ 'ఎంజెడ్' అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. విండోస్‌కు ముందునాటి డాస్ మీద పనిచేసిన మార్క్ జిబికోవ్‌స్కీ పేరులో పొడి అక్షరాలవి. ఇంకాస్త కిందికి పోతే అసలు గుర్తు ఉంటుంది. 'పీఈ' ఉంటే 32 బిట్‌దో 64 బిట్‌దో. దీంట్లో 'ఎన్ఈ' ఉంది. అంటే విండోస్ 3.1 నాటి 16 బిట్ సరుకు.

అక్కడితో ఆ దారి మూసుకుపోయినట్టే. ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లో నడిచేటప్పుడు పాత డాస్ ప్రోగ్రాములకు కావలసిన వర్చువల్ 8086 మోడ్ ఉండదు. డాస్‌నీ 16 బిట్ ప్రోగ్రాములనీ మోసే ఎన్‌టీవీడీఎం అనే భాగాన్ని 64 బిట్ విండోస్‌లో అసలు పెట్టనే లేదు. విండోస్ 10 దాకా 32 బిట్ రకం దొరికేది కాబట్టి బండి నడిచింది. విండోస్ 11కు 32 బిట్ రకమే లేదు. ఇక కాంపాటిబిలిటీ మోడ్ అనేది ప్రోగ్రాముకు "ఇది పాత విండోసే" అని అబద్ధం చెప్పగలదు గాని, లేని మోడ్‌ను ప్రాసెసర్‌లోకి తేలేదు.

చాలా పాత సాఫ్ట్‌వేర్లలో ఇదో తమాషా. లోపలి ప్రోగ్రాము 32 బిట్టే అయినా ఇన్‌స్టాల్ చేసేది మాత్రం 16 బిట్. అలాంటప్పుడు పాత సిస్టమ్‌లోని ఫోల్డర్‌ను యథాతథంగా కాపీ చేస్తే ఒక్కోసారి నడుస్తుంది. ఇమేజ్‌లోంచి కాపీ చేసి చూశా. నడిచింది, తెర వచ్చింది, "డాంగిల్ కనబడలేదు" అని చెప్పి మూసుకుంది. సరే, నీ సంగతి తర్వాత.

మంగళవారం

పేజ్‌మేకర్ మాత్రం మర్యాదస్తుడు. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 మోడ్, అడ్మినిస్ట్రేటర్‌గా రన్, అంతే, ఎక్కేసింది. 1985లో ఆల్డస్ వాళ్లు మొదలుపెట్టి, 1994లో అడోబీ చేతికి వచ్చి, 2001లో 7తో ఆగిపోయిన ప్రోగ్రాము ఇప్పటి విండోస్ మీద తెరుచుకోవడం చిన్న విషయం కాదు. మ్యాక్ మీదైతే ఇది ఎప్పుడో కాలం చేసింది. అక్కడ ఇది క్లాసిక్ అనే పాత వాతావరణంలోనే నడిచేది, ఇంటెల్ మ్యాక్‌లకు ఆ క్లాసిక్కే రాలేదు. విండోస్‌ను తిట్టేటప్పుడు ఇది కూడా ఒక పక్కన గుర్తుంచుకుంటా.

తెరుచుకోవడం వేరు, పనిచేయడం వేరు. మధ్యాహ్నం దాకా ఒక దయ్యం తిప్పింది. నేను నా లాగిన్‌లో విజిటింగ్ కార్డు కొలతలకు ఒక టెంప్లేటు చేసి పేజ్‌మేకర్ ఫోల్డర్‌లోనే పెట్టా. డీటీపీ చేసే అక్క తన లాగిన్‌లోకి వెళ్తే అది లేదు. నా దాంట్లో చూస్తే ఉంది. అక్కడ లేదు. "నువ్వు సేవ్ చెయ్యలేదు తమ్ముడూ" అంటుంది ఆవిడ. చేశాను మొర్రో అంటాను నేను.

తెలియక కాదు, తట్టక. పాత ప్రోగ్రాములు తమ సెట్టింగులనూ తాత్కాలిక ఫైళ్లనూ తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్ రాయడానికి వీల్లేదు. అలాగని "వీల్లేదు" అంటే పాత ప్రోగ్రాములు కూలిపోతాయి. అందుకని విండోస్ ఏం చేస్తుందంటే, రాసినట్టే నమ్మించి, ఆ ఫైలును ఆ యూజర్ ఫోల్డర్ లోపల వర్చువల్‌స్టోర్ అనే చోట దాచిపెడుతుంది. నా ఫైలు నా అటక మీద, అక్క ఫైళ్లు అక్క అటక మీద. ఇద్దరం మాత్రం ఒకే గదిలో ఉన్నామనుకుంటున్నాం.

మందు తేలిక. తీసేసి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా నేరుగా సీ డ్రైవులో పీఎం7 అనే ఫోల్డర్ చేసి అందులోకి ఎక్కించా. అక్కడ ఈ దాగుడుమూతలు ఉండవు, రోజూ అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయాల్సిన అవసరమూ పోయింది.

తర్వాత ప్రింటరు. పేజ్‌మేకర్ ప్రతి ఫైలులోనూ 'ఫలానా ప్రింటరు కోసం కంపోజ్ చేశాను' అని రాసుకుంటుంది. డిఫాల్టు ప్రింటరు మారితే గుర్తుపట్టి పేచీ పెడుతుంది, మళ్లీ కంపోజ్ చేయనిస్తే లైన్లు కదలొచ్చు. కొత్త విండోస్‌లోనేమో "డిఫాల్టు ప్రింటరు సంగతి విండోస్ చూసుకుంటుంది" అన్న సెట్టింగు ఉంది, ఆఖరున వాడిన ప్రింటరే డిఫాల్టు అయిపోతుంది. ఎవరో ఆధార్ జిరాక్సు కోసం ఇంక్‌జెట్‌లో ఒక కాగితం తీస్తే మన పెళ్లి కార్డు కదిలిపోతుందన్నమాట. అది ఆఫ్ చేసి, బటర్ పేపరు తీసే లేజర్‌ను శాశ్వతంగా డిఫాల్టు చేశా. రంగుల పనులు విజయవాడ పంపడానికి పీడీఎఫ్ కావాలి కాబట్టి పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాష తెలిసిన ప్రింటరు ఒకటి జోడించి, దాని వివరాలుండే పీపీడీ ఫైలును పేజ్‌మేకర్ లోపలి పీపీడీ4 ఫోల్డర్‌లో వేశా. అక్కడ వేయకపోతే ప్రింటు పెట్టెలో ఆ పీపీడీ పేరే కనిపించదు. ఫైలుగా తీసిన పోస్ట్‌స్క్రిప్ట్‌ను గోస్ట్‌స్క్రిప్ట్ పీడీఎఫ్ చేసిపెడుతుంది.

హెల్ప్ ఫైలు తెరుచుకోదు, ఆ పాత హెల్ప్ పద్ధతిని విండోస్ వదిలేసింది. ఇరవై రెండేళ్లుగా అక్క దాన్ని తెరిచిందీ లేదు. టూల్‌బాక్స్ బొమ్మలు కొత్త మానిటర్ మీద చీమల్లా ఉంటే డీపీఐ సెట్టింగ్‌లో 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' పెట్టా, కాస్త మసకగానైనా కనిపిస్తున్నాయి.

బుధవారం

ఇవాళ్టిది కాస్త పెద్దగా రాయాలి.

పొద్దున ఫాంట్లు ఎక్కించా. అన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్, ఇన్‌స్టాల్. పేజ్‌మేకర్‌లో ఒక్కటీ లేదు. నోట్‌ప్యాడ్‌లో అన్నీ ఉన్నాయి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే ఫాంటు ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకే పోతుంది. కొన్ని పాత ప్రోగ్రాములు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ తప్ప ఇంకోటి ఎరగవు. అన్నీ తీసేసి "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అని మళ్లీ ఎక్కించా. వచ్చాయి.

సంతోషంగా 2011 నాటి ఒక పెళ్లి కార్డు తెరిచా. సగం అక్షరాలున్నాయి, సగం చోట్ల డబ్బాలు. 'శుభలేఖ'లో 'శు' ఉంది, 'భ' లేదు, 'లే' ఉంది, 'ఖ' లేదు. ఫాంటు పాడయిందేమోనని ఇమేజ్‌లోంచి మళ్లీ తీసి చూశా, అదే తీరు.

సరిగ్గా అప్పుడే ఇద్దరు వచ్చారు. వాళ్ల అమ్మగారి పెద్దకర్మ శుక్రవారం, కార్డులు రేపు పొద్దునకల్లా కావాలి. మూఢం పెళ్లిళ్లకే, దీనికి లేదుగా. బాబాయి నా మొహం చూశాడు. నేను తెర వైపు చూశా. బాబాయి వాళ్లతో "సాయంత్రం ప్రూఫ్ చూపిస్తాను, రండి" అనేశాడు.

కూర్చుని క్యారెక్టర్ మ్యాప్ తెరిచి, ఏవి ఉన్నాయో ఏవి పోయాయో కాగితం మీద రాశా. ఈ పాత ఫాంట్ల కిటుకు తెలిసిన వాళ్లకు ఆ కాగితం చూస్తే చాలు. ఇవి ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు కావు. కంప్యూటర్ దృష్టిలో ఇవి ఇంగ్లీషు ఫాంట్లే. 256 గళ్లలో వాడుకోడానికి మిగిలేవి రెండొందల చిల్లర. అందులోనే తలకట్టు లేని అక్షరాలు, గుడులు, కొమ్ములు, ఒత్తులు అన్నిటినీ ముక్కలుగా ఇరికించారు. 'మ' కూడా ఈ ఫాంట్‌లో ఒక అక్షరం కాదు, రెండు ముక్కలు. నా కాగితం మీద ఉన్నవన్నీ 127 లోపు గళ్లు. పోయినవన్నీ 127 దాటినవి. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పలేదు.

127 దగ్గర గీత గీసినట్టు తెగిందంటే అది ఫాంటు తప్పు కాదు, ఏ నంబరు ఏ అక్షరమో విండోస్‌కు చెప్పే కోడ్ పేజీ తప్పు. అప్పుడు గుర్తొచ్చింది ఆదివారం రాత్రి నా చేత్తో నేనే పెట్టిన టిక్కు. రీజియన్, అడ్మినిస్ట్రేటివ్, ఛేంజ్ సిస్టమ్ లొకేల్ లోపల ఉంటుంది: "బీటా: ప్రపంచ భాషల కోసం యూనికోడ్ యూటీఎఫ్-8 వాడు". తెలుగు అంటే యూనికోడే కదా అనుకున్నా. యూటీఎఫ్-8లో 127 దాటిన బైటు ఎప్పుడూ ఒంటరిగా రాదు, దానికి తోడు ఇంకోటో రెండో మూడో ఉండాలి. తెలుగుకైతే మొత్తం మూడు బైట్లు. పేజ్‌మేకర్ పాపం ఒక బైటు ఒక అక్షరం అనుకునే కాలం మనిషి. అది ఒంటరి బైటు పంపుతుంటే విండోస్ "ఇది చెల్లదు" అని డబ్బా గీస్తోంది. యూనికోడ్ కోసం పెట్టిన టిక్కే తెలుగును మింగేసింది.

టిక్కు తీసి రీస్టార్ట్ చేశా. శుభలేఖ నిండుగా వచ్చింది. గంట ఒంటిగంటన్నర.

అక్షరాలు వచ్చాయి సరే, కొట్టడమెలా? టైపింగ్ సాఫ్ట్‌వేర్ డాంగిల్ దగ్గరే ఆగి ఉంది. పక్క సెంటర్‌కు వెళ్లి చేయించుకు రమ్మంటే బాబాయికి తలకొట్టేసినట్టుంటుంది. అప్పుడు అక్క అంది, "పాత పెద్దకర్మ కార్డు ఒకటి తెరువు తమ్ముడూ, నేను అందులోంచి ఏరుకుంటా."

నిజంగా ఏరుకుంది. పాత కార్డులో మారాల్సిన చోట ఖాళీ చేసి, ఇంకో పది ఫైళ్లు తెరిచి పెట్టుకుని, ఒక్కో అక్షరం కాపీ, పేస్టు. 'పౌత్రులు, దౌహిత్రులు' ఏ కార్డులోనైనా ఉంటాయి. ఊరి పేరు ఒక ఎరువుల కొట్టు బిల్లు బుక్కులో దొరికింది. ఆవిడ పేరులో 'జ్ఞా' ఉంది, అది మాత్రం ఎక్కడా తగల్లేదు. చివరికి 2009లో ఒక స్కూలు వాళ్లు వేయించిన 'విజ్ఞాన ప్రదర్శన' ఆహ్వానంలోంచి తీసింది. పది నిమిషాల పనికి గంటా నలభై నిమిషాలు పట్టింది. వెనక నిలబడి చూస్తున్న బాబాయి, "మా నాన్న టైపు కేసులోంచి ఇట్టాగే ఏరేవాడు, ఆయన చెయ్యి ఇంకా జోరు" అన్నాడు. సాయంత్రం ప్రూఫ్ వాళ్లకు చూపించారు.

గురువారం

డాంగిల్.

కొత్త మదర్‌బోర్డుకు ప్యారలల్ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే వైరు బజార్లో దొరుకుతుంది గాని అది ప్రింటర్లకే పనికొస్తుంది. డాంగిల్‌ను వెతికే పాత ప్రోగ్రాము నేరుగా 378 అనే హెక్స్ అడ్రసుకు వెళ్లి తలుపు కొడుతుంది. ఆ వైరుకు ఆ అడ్రసే ఉండదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొంటే నిజమైన పోర్టే వస్తుంది, కాకపోతే దాని అడ్రసు వేరు. ఒకవేళ అదీ కుదిరినా, డాంగిల్‌తో మాట్లాడే డ్రైవరు 32 బిట్‌ది. 64 బిట్ విండోస్ కెర్నెల్‌లోకి, అంటే దాని నడిబొడ్డులోకి, 32 బిట్ డ్రైవరును రానివ్వరు, అందులో బతిమాలుకోవడాలు లేవు.

పాత డిస్కు ఇమేజ్‌ను వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిపే ప్రోగ్రాములో, లేపి చూశా. మొదట నీలి తెర, 7బీ అనే ఎర్రరు, అంటే బూట్ డిస్కు దొరకలేదని. డిస్కు కంట్రోలరును ఎస్ఏటీఏ నుంచి ఐడీఈకి మార్చా, లేచింది. పాత డెస్క్‌టాప్, వినాయకుడి వాల్‌పేపరు, అన్నీ అలాగే. హార్డ్‌వేర్ మారిందని వెంటనే యాక్టివేషన్ అడిగింది. డాంగిల్ మాత్రం అక్కడా లేదు, ఉండటానికి పోర్టు ఉంటేగా. డాంగిల్‌ను ఏమార్చే క్రాకులు దొరుకుతాయని ఒక మిత్రుడు చెప్పాడు. డబ్బులిచ్చి కొన్నదానికి దొంగదారెందుకు, పైగా ఆ క్రాకులతో పాటు ఇంకేం వస్తాయో ఎవరికి తెలుసు.

సాయంత్రం టీ తాగుతూ ఇదంతా వదిలేసి పేజ్‌మేకర్ తర్వాత అడోబీ వాళ్లే తెచ్చిన ఇన్‌డిజైన్‌కు పోతే ఏమవుతుందని కూడా ఆలోచించాం. సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాత వచ్చిన సీసీ తెరవదు. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ డ్రా 4.4 నుంచి తెరుస్తుంది, పది ఫైళ్లు పెట్టి చూశా. అక్షరాలు వస్తున్నాయి, లైన్లు ఎక్కడ విరగాలో అక్కడ విరగట్లేదు. కొత్త పనులకు సరే. పాత కస్టమర్ వచ్చి "పోయినసారిలాగే" అంటే అది చాలదు. తెనాలిలో ఈ వ్యాపారం సగం "పోయినసారిలాగే" మీదే నడుస్తుంది.

శుక్రవారం, శనివారం

రాత్రి నిద్రలో కాదు గాని, పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. ఈ ఫాంటు కంప్యూటర్‌కు ఇంగ్లీషు అయినప్పుడు, టైపింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్న పనేంటి? అక్క ఒక కీ నొక్కితే ఒక బైటు పంపడం. అంతేగా? కొన్ని కీబోర్డు పద్ధతుల్లో అది అక్షరాలను తానే కూర్చి ఇస్తుంది, నిజమే. అక్క వాడేది అది కాదు. ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు లోయర్, హయ్యర్ పాసై వచ్చిన మనిషి. టైప్‌రైటర్ మీద కొట్టినట్టే ముక్క తర్వాత ముక్క కొడుతుంది. అంటే ఇంత డాంగిలూ ఇన్ని రోజులూ కాపలా కాసింది ఒక పట్టికకు!

పట్టిక అయితే మనమే కట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ 1.4 అనే పాత ఉచిత పనిముట్టు ఉంది. దానికి డాట్‌నెట్ 3.5 కావాలి, విండోస్ ఫీచర్లలో దాన్ని ఆన్ చేశా. పాత సాఫ్ట్‌వేర్‌ను నడిపించడానికి ఇంకో పాత సాఫ్ట్‌వేర్, దానికి ఇంకో పాత ఫ్రేమ్‌వర్క్. నవ్వొచ్చింది. లేఅవుట్ భాషను ఇంగ్లీష్ అనే ఉంచా, ఎందుకంటే పేజ్‌మేకర్ దృష్టిలో ఇది ఇంగ్లీషే.

ఏ కీకి ఏ ముక్క? మానిటర్ పక్కన గోడకు అంటించిన చార్టు ఉంది, లామినేషన్ పసుపెక్కి, పైన టీ మరకతో. షిఫ్టు లేనివి, ఉన్నవి, ఆల్ట్ కలిపినవి. ఆ ఆల్ట్ వరసను కుడివైపు ఆల్ట్‌కు మార్చా. చార్టులో కనిపించని గళ్లు పద్నాలుగు తేలాయి. అవి చార్టులో లేవు, అక్క నోటికీ రావు, వేళ్లకే తెలుసు. కాబట్టి కరెంటు లేని పాత కీబోర్డు ఆవిడ ముందు పెట్టి, "అక్కా, 'స్త్రీ' కొట్టు" అంటే ఆవిడ గాల్లోలాగా కొడుతుంది, నేను వేళ్లు చూసి రాసుకుంటా. 'క్షౌరశాల', 'ఝంఝామారుతం', 'లక్ష్మి', 'దుఃఖం'. చూసేవాళ్లకు మాకు పిచ్చెక్కిందనిపించి ఉంటుంది.

శనివారం మధ్యాహ్నానికి లేఅవుట్ తయారు. అక్క మొదట కొట్టింది తన పేరు. వచ్చింది. రెండో మాట 'జనవరి', తప్పు వచ్చింది. 'జ' కొడితే మాట మొదట్లో 'ఖ' పడుతోంది, మాట మధ్యలోనేమో 'ఱ'. ఒకే కీకి రెండు రకాల తప్పులు! పట్టికంతా మళ్లీ చూశా, సరిగ్గానే ఉంది. ఈ ఫాంట్‌లో 'జ' ఉన్నది 34వ గడిలో. ఇంగ్లీషులో అది నిలువు కొటేషన్ గుర్తు. పేజ్‌మేకర్‌కు "టైపోగ్రాఫర్స్ కోట్స్" అనే ప్రిఫరెన్సు ఉంది, నిలువు గుర్తును చూస్తే మాట ముందు 147కూ తర్వాత 148కూ మార్చి అందంగా వంపు తిప్పుతుంది. మన 'జ'కు కూడా వంపు తిప్పింది. టిక్కు తీశా. హైఫనేషన్ కూడా ఆపేశా, తెలుగు మాటను ఇంగ్లీషు లెక్కన విరిచి మధ్యలో గీత పెడుతుంది, ఆ గీత గడిలో మన ఫాంటుకు ఇంకేదో ఒత్తు ఉంటుంది.

సాయంత్రం అక్క ఒక బిల్లు బుక్కు, ఒక గృహప్రవేశం కార్డు నమూనా ఏకబిగిన కొట్టింది. "కీబోర్డు కొత్తది కదా, కొంచెం గట్టి" అంది. లేఅవుట్ గురించి ఏమీ అనలేదు.

ఆదివారం

పని అయిపోయినట్టే. అయినా ఆగలేక ఒకటి మొదలుపెట్టా. ఇప్పుడు కస్టమర్లు మేటర్ వాట్సాప్‌లో పంపుతున్నారు, అది యూనికోడ్. పేజ్‌మేకర్‌లో పేస్టు చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు. అక్క దాన్ని చూసి మళ్లీ కొడుతుంది. పట్టిక ఎలాగూ చేతిలో ఉంది, తిరగేస్తే యూనికోడ్‌ను ఈ ఫాంటు బైట్లలోకి మార్చొచ్చు కదా?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశా. గమ్మత్తులన్నీ వరసలోనే. యూనికోడ్‌లో 'క్ర' అంటే క, పొల్లు, ర. మన ఫాంట్‌లో ర ఒత్తు ముందు, క తర్వాత, కంటికి కనిపించే వరసలో. ఐత్వానికి యూనికోడ్‌లో ఒక గుర్తు, ఫాంట్‌లో పైనొకటి కిందొకటి రెండు ముక్కలు. ఇవన్నీ సర్ది, ఫలితాన్ని టెక్స్ట్ ఫైలుగా రాసి, పేజ్‌మేకర్‌లో కంట్రోల్ డి కొట్టి ప్లేస్ చేయడం. ఆ పెట్టెలో కూడా "కన్వర్ట్ కోట్స్" టిక్కు ఉంది, తీసేయాలి, లేకపోతే మళ్లీ 'జ' గొడవ.

పరీక్షకు బుధవారం కార్డు మేటరే ఇచ్చా. ప్రూఫ్ తీసి బాబాయికి చూపించా. ఆయన ప్రూఫ్ మాట మాట చదవడు, అక్షరం అక్షరం చదువుతాడు, కంపోజింగ్ నాటి అలవాటు. కళ్లజోడు పైకెత్తి, "వైకుం సమారాధన ఏంట్రా?" అన్నాడు.

'ఠ' పోయింది. పట్టికలో ఉంది, మార్చిన మాటలోనూ ఉంది, ఫైలులో లేదు. గంటన్నర వెతికా. ఈ ఫాంట్‌లో 'ఠ' గడి 133. మార్చడం అయ్యాక, రెండేసి ఖాళీలున్న చోట ఒకటి చేద్దామని మొత్తాన్ని ఖాళీల దగ్గర విడగొట్టి మళ్లీ కలిపే ఒక లైను రాశా. 133 అనేది ఒక పాత కంట్రోల్ అక్షరం, 'తర్వాతి లైను' అని అర్థం, ఐబీఎం పెద్ద కంప్యూటర్ల నాటిది. పైథాన్ దాన్ని కూడా ఖాళీ కిందే లెక్కేస్తుంది. నా ఒక్క లైను ఊళ్లోని 'ఠ'లన్నిటినీ ఊడ్చేసింది. 160వ గడిది కూడా ఇదే గతి, అక్కడ మనకు సున్న ఒత్తు లాంటి చిన్న ముక్క ఉంది, ఇంకా ఎవరి కంటా పడలేదంతే. ఖాళీలు సరిచేసే పనిని మార్చడానికి ముందుకు, అంటే యూనికోడ్ ఉన్నప్పటికే జరిపా. వైకుంఠం తిరిగొచ్చింది.

మూడు వారాల తర్వాత

నెలలో రెండో మంగళవారం వచ్చే విండోస్ అప్‌డేట్ వచ్చి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశా. లేఅవుట్ ఉంది, ఫాంట్లు ఉన్నాయి, డిఫాల్టు ప్రింటరు మారలేదు. లేఅవుట్ సెటప్, పట్టిక, పైథాన్ ఫైలు, పీఎం7 ఫోల్డర్ కలిపి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి బాబాయి బీరువాలో, ఒకటి మా ఇంట్లో ఉంచా. పదకొండు వేల ఫైళ్లను పీడీఎఫ్‌లు చేసే పని మొదలుపెట్టి నాలుగు వందల దగ్గర ఆగా. తీరిక దొరికినప్పుడల్లా కొన్ని.

బాబాయి నాకు చెప్పకుండా పాత సిస్టమ్‌కు ఎస్‌ఎంపీఎస్ వేయించాడు. ఏడు వందలు. మదర్‌బోర్డుకు ఏమీ కాలేదట, డిస్కు తిరిగి పెట్టగానే లేచింది. నెట్ వైరు లేకుండా మూలన ఉంది, వెనక డాంగిల్ అలాగే వేలాడుతోంది. అక్క దాని వైపు వెళ్లట్లేదు.

కొత్త సిస్టమ్ కేబినెట్ మీద ఆవిడే ఒక కాగితం అంటించింది. స్కెచ్ పెన్నుతో, గుండ్రటి టైపు ఇన్‌స్టిట్యూట్ చేతిరాతలో: "బీటా అని ఉన్న టిక్కు పెట్టొద్దు. జిరాక్సు కాగితాలకు ఈ సిస్టమ్ ముట్టుకోవద్దు. ఠ చూసుకోవాలి."